తుంగదిబ్బ మీది తెల్లచీర

జహనుమా అవుతల చెర్వు నడుమ తుంగదిబ్బ ఉండె. పొద్దుమూకినంక అటు దిక్కు పోవద్దనేటోళ్లు. తుంగల తెల్లచీర తిరుగుతదట... చూసినోళ్లకు మూడు రోజులు జరమట.

ఈ ముచ్చట నాకు చెప్పింది బాలకిషనే, ఫలక్‌నుమా రైలు టేషన్ల నాతోని పనిచేసేటోడు. కోతలు మస్తు కోస్తడు గని, సొంత ఇజ్జత్ పోయే అబద్ధం ఎవడన్న ఆడ్తడా? అందుకే నమ్మిన.

డెబ్బై ఎనిమిదిల సంగతి. ఐతారం నాడు దిబ్బను చూడనీకి వస్తమని సర్కారు సాబులు కబురు పెట్టిన్రు. పిట్టలుంటె దిబ్బ పిట్టలకు, చూడవచ్చే జనానికి ఉంటది. లేకుంటె మట్టి పోసి ప్లాట్లు చేస్తరు. బాలకిషన్ అత్త కొమురమ్మ ఆ తుంగ కోసి చాపలల్లి బతికేది. దిబ్బ పోతె ఆమె బతుకు పోయినట్టే.

మనోడికి గా ఫికరే లేదు. దోస్తులకు నీటికోళ్ల దావత్ ఇస్తనన్నడు. ఉచ్చులు పట్టుకొని చీకట్ల నీళ్లల్ల దిగిండు. దిబ్బ ఎక్కి మొదటి ఉచ్చు పెట్టిండో లేదో — ఎనక తుంగ కదిలింది.

గాలి లేదు.

"పిట్టను ముట్టకు..." సన్నటి గొంతు.

తిరిగి చూస్తె... తెల్లచీర. ఇరబోసిన జుట్టు, చేతుల కొడవలి. హనుమంతున్ని తల్సుకున్నడు. ఉరకబోయి బురదల నడుము దాక దిగవడ్డడు. ఇంకా లోపలికే పోతున్నడు...

దయ్యం దగ్గరికొచ్చింది. కొడవలి పారేసింది. తుంగకట్ట ఒకటి ముంగట ఏసి, "పైలం... గది పట్టుకోండ్రి," అన్నది.

పట్టుకొని ఎట్లనో పైకొచ్చి బ్యాటరీ లైట్ ఏసిండు. దయ్యం గిర్రున తిరిగి, ముఖం మీదికి కొంగు గుంజుకున్నది.

దయ్యానికి సిగ్గేంది? మా దిక్కు గట్ల కొంగు కప్పుకునేది అల్లుని ముంగట అత్తనే. అల్లున్ని ఒక్క మాట అనొద్దు మరి. పిట్టల్ని పట్టొద్దని బిడ్డతోని ఎన్నిసార్లు చెప్పించినా వీడు వినకపాయె. ఏం చేస్తది పాపం, దయ్యమయింది.

"అత్తా..." అన్నడు గుసగుసగ.

"నేను కాదు," అన్నది కొంగు సాటుకెళ్లి.

వీడికి మస్తు షరమయింది. ఉచ్చు తీసేసిండు.

ఐతారం సాబులొచ్చి చూస్తె దిబ్బ నిండ పిట్టలే. "ఇక్కడ ఎవ్వరూ పిట్టల్ని పట్టరా?" అనడిగిన్రు.

"పట్టరు సాబ్. దయ్యముంది," అన్నడు బాలకిషన్.

"నువ్వు చూసినవా?"

"చూసిన సాబ్. మస్తు మంచిది... ప్లాట్లు చేస్తమంటె మాత్రం ఊకోదు."

సాబులు నవ్వుకుంట, దిబ్బ పిట్టలకే, చూడనీకి అందరూ రావచ్చు, తుంగ కోసేటోళ్లను ఆపొద్దు అని రాసుకున్నరు.

ఆడోళ్ల గుంపుల నిలవడ్డ కొమురమ్మకు అప్పుడే దగ్గొచ్చింది.