ముత్యాల సేటు ఇంట్లో లెక్క

జిజాన్ దగ్గరి దీవిలోని ముత్యాల సేటు ఇంటి మాటెత్తితే జెద్దా షరఫియా టీకొట్ల దగ్గర మనవాళ్లు గొంతు తగ్గిస్తారు. పొద్దు గూకాక ఆ గడప తొక్కకూడదట. లోపల్నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట... పలికినవాడు తిరిగి రాడట.

ఒట్టి బూటకం. ఆ ఇంటికి ఆ చెడ్డపేరు అంటగట్టింది టూరు ఖలందరే. టైలర్ బాబ్జాన్ దుకాణంలో కూర్చుని తనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది వినే బాబ్జాన్ కుట్టుమిషన్ ఆపేశాడు.

ఖలందర్‌ది కడప పక్క పల్లె. జెద్దాలో పన్నెండేళ్లుగా డ్రైవరు. సెలవు దొరికిన మనవాళ్లను పోగుచేసి, గురువారం రాత్రి బస్సెక్కించి జిజాన్ తీసుకెళ్తాడు. అక్కణ్నుంచి లాంచీలో దీవికి. పొద్దున తెల్లటి ఇసుకలో సముద్రస్నానాలు, మధ్యాహ్నం చేపల కూర, అన్నం, సాయంత్రం పాడుబడ్డ ఊరు. పగడపు రాయితో కట్టిన ఇళ్లు, వాటి మధ్య, లాంచీ ఆగే ఒడ్డు పక్కనే, గోడల నిండా జిప్సం పువ్వులు చెక్కిన ఒకప్పటి ముత్యాల సేటు మేడ.

చిక్కంతా అక్కడే. మనవాళ్లు వీడియోలు మొదలుపెడితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా కదలరు. రాత్రి నమాజుకు ఇషా బాంగు అయ్యాక కోస్ట్‌గార్డు వాళ్లు లాంచీని కదలనివ్వరు. అరిచి అరిచి గొంతు పోయిన ఖలందర్ ఒకరోజు కథ అల్లేశాడు.

ముత్యాల కోసం మునిగినవాళ్లు పైకి తేలుతుంటే, సేటు దగ్గర పనిచేసే ఒక పెద్దాయన ఒడ్డున నిలబడి లెక్కపెట్టేవాడట. ఒకనాడు ఒకడు తేలలేదు. ఆ తగ్గిన మనిషి కోసం పెద్దాయన చచ్చి కూడా ఆ ఇంట్లో తిరుగుతున్నాడట. "చీకటి పడినాక పేరు పెట్టి పిలుస్తాడు. పలికినారా... లెక్కలో కలిపేసుకుంటాడు!"

ఇంకేముంది, ఎండ పసుపెక్కేసరికి అందరూ తామే పరిగెత్తుకొచ్చి లాంచీ దగ్గర నిలబడేవాళ్లు. ఖలందర్ ఒక్కొక్కరి భుజం తట్టి లెక్కపెట్టేవాడు— "లాభం, రెండు, మూడు..." వాళ్ల నాన్న వేరుశనక్కాయలు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఆ అలవాటు కొడుక్కి వచ్చింది. రెండేళ్లు, ప్రతి శుక్రవారం, ఆ గోడల పక్కనే ఇదే లెక్క.

ఆ శుక్రవారం ఇరవై రెండు మంది.

అందులో లింబాద్రి ఒకడు. జగిత్యాల వైపు మనిషి, జిప్సం పనిచేసే మేస్త్రి. పద్నాలుగేళ్లలో మూడుసార్లే ఊరెళ్లాడు. వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ చుట్టూ ఎనిమిది నెలలు తిరిగితే, దేశం వదిలి ఇంటికి పోయే ఫైనల్ ఎగ్జిట్ కాగితం చేతికొచ్చింది. దాని గడువు శనివారం రాత్రితో సరి. శనివారం సాయంత్రమే విమానం. ఇన్నేళ్లూ పరంజా తప్ప ఈ దేశంలో ఏం చూడలేదని దోస్తులు బలవంతంగా టూరెక్కించారు.

లాంచీలో ఉండగా అతని భార్య శ్రీలత వీడియో కాల్ చేసి ఖలందర్‌తో మాట్లాడింది. "అన్నా... మా ఆయన యాడన్న గోడ కనవడితె సోయి మరిచి నిలవడ్తడు. జర పైలం. రేపు విమానం ఎక్కించేదాక నీదే భారం."

"నాది పూచీ, చెల్లెమ్మా" అన్నాడు ఖలందర్.

పొద్దు గూకింది. "...ఇరవై, ఇరవై ఒకటి."

మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటే.

"లింబాద్రన్న యాడ?" నాగేందర్ అనే కుర్రాడు మేడ వైపు చూపించాడు. "గోడ మీది పువ్వులు జూస్త అని లోపలికి వొయ్యిండు భాయ్... ఎప్పుడో."

"యల్లా! యల్లా!" లాంచీవాడు గడియారం చూపిస్తున్నాడు. ఇంకో అరగంట. లాంచీ తప్పితే రేపు పొద్దెక్కేదాకా ఇంకొకటి లేదు. అక్కణ్నుంచి జెద్దా పది గంటల దారి. విమానం పోతుంది, గడువూ పోతుంది. మళ్లీ కఫీల్ కాళ్ల దగ్గర మొదలు.

"లింబాద్రన్నా!" ఖలందర్ గొంతు చించుకున్నాడు. "ఓ లింబాద్రన్నా!"



నాగేందర్ అతని చెయ్యి పట్టుకుని గుసగుసలాడాడు— "పేరు వెట్టి పిలుస్తున్నవేంది భాయ్? నువ్వే జెప్తివి గద... ఆయిన పలుకుతడా?"

ఖలందర్‌కి అప్పుడు తట్టింది. నిజమే! లోపల ఉన్న మనిషి తన పేరు వింటున్నాడేమో. విని, నోరు మూసుకుని, వణుకుతూ కూర్చున్నాడేమో. తను తవ్విన గోతిలో ఇంకొకడు పడ్డాడు.

తోడు రమ్మంటే ఇరవై ఒక్క మందిలో ఒక్కడూ కదల్లేదు. ఎలా కదులుతారు? అంత బాగా చెప్పాడు మరి కథ.

ఫోన్ లైటు వేసుకుని ఒక్కడే గడప దాటాడు.

లోపల గబ్బిలాల కంపు. సందులాంటి నడవ. పైకప్పు సగం కూలి, రాళ్లు అడ్డం పడున్నాయి. సముద్రం చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. తన ఊపిరి తనకే వినిపిస్తోంది...

అప్పుడు వినబడింది.

"లాభం... రెండు... మూడు..."

మెల్లగా, తాపీగా, లోపలి వాకిలి వైపు నుంచి.

ఖలందర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. మేస్త్రి బుద్ధి పోనిచ్చుకోలేదు, తనలాగే లాభం అంటూ గోడ మీద పువ్వులు లెక్కపెట్టుకుంటున్నాడు! నవ్వూ కోపమూ కలిసొచ్చాయి. "అన్నా, బిరీన రా! లాంచీ పోతాంది!"

లెక్క ఆగలేదు. "...ఇరవై... ఇరవై ఒకటి..."

అక్కడ ఆగింది. మళ్లీ మొదలు— "లాభం... రెండు..."

నడవ చివరికొచ్చి ఖలందర్ లైటు ఎత్తాడు. ఇరుకు వాకిలి నట్టనడుమ, దాదాపు గోడల దాకా బావి. పిట్టగోడ లేదు, మూత లేదు. నల్లగా నోరు తెరుచుకుని ఉంది.

దాని అవతల, గోడకు వీపు ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్కో అడుగే పక్కకు జరుపుకుంటూ వస్తున్నాడు లింబాద్రి. కాలివేళ్లు బావి అంచు మీదే ఉన్నాయి. ఖలందర్ కేకెయ్యబోయి నోరు నొక్కుకున్నాడు. ఉలిక్కిపడితే అంతే సంగతులు. చేతికందేదాకా ఆగి, ఒక్క గుంజు గుంజాడు.

ఇద్దరూ నడవలో పరుగు. గడప దాటుతుంటే వెనక నుంచి, తృప్తిగా, ఒక్క మాట—

"ఇరవై రెండు."

ఇంత జరిగినా వేళాకోళమేనా ఈ మనిషికి, అనుకున్నాడు ఖలందర్. తిట్టడానికి టైము లేక లాంచీ వైపు లాక్కెళ్లాడు.

బాంగు వినబడే వేళకు లాంచీ నీళ్ల మీద ఉంది. లింబాద్రి కళ్లు తుడుచుకున్నాడు. పువ్వులు వీడియో తీస్తుంటే ఫోన్ చచ్చిపోయిందట. చీకట్లో దారి తెలియలేదట.

"నీకు దండం బెడ్త, ఖలందర్ భాయ్. నువ్వు లేకుంటె గా బాయిల వడి సద్దును."

"నేను పిలిస్తే పలకలేదేం?"

"పేరు వెట్టి పిలిస్తె ఎట్ల పలుకుత? నువ్వే వద్దంటివి. కని నువ్వు తెలివైనోనివి భాయ్... లెక్క వెట్టుడు మొదలువెట్టినవ్. లాభం, రెండు అని. గది నీ గొంతే, ఇంకోలు అట్ల లెక్కవెట్టరు. గా గొంతు వట్టుకోని నడిసొచ్చిన. ఎనుక నుంచి ఇరవై రెండు అన్నవు సూడు, అప్పుడు పానం కుదుటవడ్డది."

ఖలందర్ వెనక్కి తిరిగి దీవి వైపు చూశాడు.

తను ముందు, లింబాద్రి వెనక. ఆ మాట లింబాద్రికీ వెనకే వినబడింది.

"లెక్కపెట్టింది... నువ్వు గదా, అన్నా?" అని అడగబోయాడు. ఇంటికి పోయే మనిషి మొహం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు సాయంత్రం లింబాద్రి విమానమెక్కాడు. ఆదివారం తెల్లారగానే శ్రీలత ఫోన్ చేసింది. మాటలు రాక ఏడ్చింది. ఖలందరూ ఏడ్చాడు. ఎవరి కోసం ఏడ్చాడో బాబ్జాన్‌కి కూడా చెప్పలేదు.

టూర్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. దెయ్యం కథ మాత్రం మానేశాడు. పొద్దు గూకగానే భుజాలు తట్టి లెక్కపెట్టి అందరినీ లాంచీ ఎక్కిస్తాడు. తను చివర్న ఇసుకలో నిలబడి, ఆ మేడ వైపు తిరిగి, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు చేతులు కట్టుకుని ఒక మాట చెబుతాడు.

"అందరూ వచ్చేసినారు, పెద్దాయనా. లెక్క సరిపోయింది."

అప్పటికి గానీ లోపల లెక్క ఆగదు.