చీకటి పడని ఊళ్లో మూడు మొలకలు

"రమ్మంటే రావాలి, ఆగమంటే ఆగాలి! రెండూ ఒకేసారి చెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావ్?"

యూకాన్ నది దాటించే ఫెర్రీ మీద, ఆరెంజ్ జాకెట్ వేసుకున్న అమ్మాయి డెరిక్ ట్రక్కు కిటికీలోకి తల పెట్టి మరీ అరిచింది. కెనడా ఉత్తరపు కొసన ఉన్న డాసన్ ఊళ్లో ఆమెను తెలియని డ్రైవరు లేడు. పేరు జోజియాన్. ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ నుంచి వచ్చింది. ఆమె చెయ్యి ఎటు ఊపితే బండి అటు పోవాల్సిందే.

డెరిక్ మాత్రం ఆ అరుపు వినలేదు. పక్క సీటు కిందికి వంగి ఉన్నాడు. మూడు పేపర్ కప్పుల్లో ఒకటి బోర్లాపడింది. మట్టంతా చెదిరిపోయి, లేత మొలక వేరుతో సహా బయటికొచ్చేసింది.

"చంపేశాను," అన్నాడు.

"ఎవర్ని?" జోజియాన్ కంగారుగా చూసింది. "ఓస్! టమాటా మొక్కా?"

"కాదు."

ఆమె ఆకుల అంచులు చూసి నవ్వింది. "గంజాయా! ఇంటికి నాలుగు పెంచుకోవచ్చని ఇక్కడి చట్టమే చెప్తోందిగా. ఇంకో గింజ వేసుకో. దీనికింత ఏడుపెందుకు?"

"గింజల్లేవు. ఇవే ఆఖరివి. నానమ్మ ఏళ్ల తరబడి దాచుకున్న రకం. కీళ్ల నొప్పులకి వీటితోనే మందు కాచుకుంటుంది. పోయినేడు గింజ పట్టకముందే మంచు కొట్టేసింది."

జోజియాన్ నవ్వు ఆగిపోయింది.

"ఆటోఫ్లవర్ రకం ఇది," అన్నాడు డెరిక్. "వయసొచ్చిందా, పూసెయ్యడమే. వేరుకి దెబ్బ తగిలితే కోలుకునేదాకా ఆగదు. గిడసబారిపోయి అలాగే పూస్తుంది."

"దాన్ని ముట్టుకోకు. ఒడ్డు చేరాక నా డ్యూటీ అయిపోతుంది. వచ్చి పట్టుకుంటా."

అన్నట్టే వచ్చింది. తడిపిన చేతిగుడ్డలో మొలకని పెట్టుకుని, దోసిట్లో నీళ్లు మోస్తున్నంత జాగ్రత్తగా ట్రక్కులో కూర్చుంది.

"నీకెలా తెలుసు ఇవన్నీ?" అన్నాడు డెరిక్ బండి నడుపుతూ.

"అడవుల్లో చెట్లు నాటే క్యాంపుల్లో చేశాను. వేరు మడతపడితే చెట్టు చచ్చినట్టే."

"ఎన్ని నాటి ఉంటావ్?"

"లెక్కపెట్టడం మానేశాక కూడా చాలా నాటాను. సరే గానీ, బ్రేకు అంత గట్టిగా ఎందుకు తొక్కావ్? నా చెయ్యి చూడలేదా?"

"చూడలేదు."

"మరేం చూశావ్?"

డెరిక్ చెవులు ఎర్రబడ్డాయి. "మొహం."

జోజియాన్ కిటికీలోంచి స్ప్రూస్ చెట్లని చాలా శ్రద్ధగా చూడసాగింది.

*

కొండమీద ఇంటి పక్క గ్రీన్‌హౌస్‌లో డెరిక్ నానమ్మ విల్మా బకెట్ బోర్లించుకుని కూర్చుని ఉంది. వంకర్లు తిరిగిన వేళ్లతో మగ్గు పట్టుకోవడం కూడా ఆమెకు కష్టమే. జరిగిందంతా వింది. అమ్మాయి చేతుల వైపు చూసింది.

"వణుకుతాయా అవి?"

"వణకవు మేడమ్."

"అయితే నువ్వే నాటు. వీడు మట్టి కలిపి ఇస్తాడు. కప్పులో ఉన్న మట్టే కుండీలోనూ ఉండాలి, కొత్త రుచులు వద్దు."

బాగున్న రెండింటినీ ముందు చూశారు. కుండీలో మట్టి తడిపి, ఖాళీ కప్పు నొక్కి తీస్తే అచ్చం దాని కొలతకే గుంట పడింది. కాడ పట్టి లాగొద్దంది విల్మా. జోజియాన్ కప్పుని కత్తెరతో చీల్చి, మట్టిముద్ద చెదరకుండా గుంటలోకి జార్చింది. మొక్కకి చోటు మారిన సంగతే తెలిసినట్టు లేదు.

మూడోది వేరే కథ. దానికి మట్టిముద్ద లేదు. తెల్లదారంలాంటి వేరు గాల్లో వేలాడుతోంది. జోజియాన్ ఒక ఆకు కొసని రెండు వేళ్లతో పట్టుకుని, వేరు నిటారుగా దిగేలా నిలబెట్టి, చుట్టూ చిటికెడు చిటికెడు మట్టి రాల్చింది. ఊపిరి కూడా బిగబట్టింది. తర్వాత గోరువెచ్చని నీళ్లు చెంచాతో పోస్తూ ఫ్రెంచిలో ఏదో గొణిగింది.

లారీల్ని అదిలించే ఆ గొంతు అంత మెత్తగా పలకగలదని డెరిక్ ఎప్పుడూ అనుకోలేదు. పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"దానికేం చెప్పావే?" అంది విల్మా.

"భయపడొద్దన్నాను."

"మంచి పని చేశావ్. ఇక దానిమీద తెల్లగుడ్డ కప్పండి. వేసవిలో ఈ ఊళ్లో సూర్యుడికి పడుకునే అలవాటు లేదు, పాపం దానికి నీడెవరిస్తారు?"

*

రెండు మొక్కలు నిగనిగలాడుతూ లేచాయి. మూడోది ఎక్కడ వేసింది అక్కడే ఉంది. చావలేదు, పెరగలేదు.

జోజియాన్ డ్యూటీ దిగి రోజూ కొండెక్కి వచ్చేది. వస్తూనే దాని ముందు గొంతుక్కూర్చునేది. డెరిక్ కాఫీ ఇస్తే తాగేది, జోకు వేస్తే ఇంతకంటే మంచి జోకులు దుంగలు వేస్తాయనేది. ఆమె బూట్లు అరిగిపోవడం చూసి ఒకరోజు అతను జాలిపడ్డాడు.

"రోజూ ఇంత దూరం రానక్కర్లేదు. ఏమన్నా మార్పుంటే నేనే వచ్చి చెప్తాలే."

ఆమె కప్పు కింద పెట్టింది. "సరే," అంది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"ఏమన్నావురా దాన్ని?" అడిగింది విల్మా. అతను చెప్పాడు. ఆమె నుదురు కొట్టుకుంది. "ఓరి వెర్రి వెధవా! ఆడపిల్ల కొండెక్కి వచ్చేది మొక్క కోసమేననుకున్నావా?"

ఆ మాట అతనికి ఎక్కేసరికి ఆలస్యమైంది. అతను ఫెర్రీ ఎక్కినప్పుడల్లా ఆమె బండికి చెయ్యి ఊపేది, మొహం మాత్రం తిప్పుకునేది.

ఒక సాయంత్రం డెరిక్ ట్రక్కు లేకుండా పరిగెత్తుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

"బండేదీ?" అంది జోజియాన్.

"పూసింది."

"ఏది?"

"నీది."

*

ఎదుటి కొండ మీద ఎండ ఇంకా బంగారంలా ఉంది. ఆ వెలుతురు గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్ రేకుల్లోంచి జానెడు మొక్క మీద పడింది. కణుపుల దగ్గర ఆడపూల గుర్తుగా రెండేసి తెల్లటి వెంట్రుకలు, చూపు నిలిపితే తప్ప కనపడనంత సన్నగా. పక్కన నడుమెత్తు పెరిగిన ఆడమొక్కకీ ఆ రోజే వచ్చాయి. మిగిలిన పెద్దమొక్క మగదని తేలింది. గింజలకి అదీ కావాలంది విల్మా.

ముగ్గురూ దాని చుట్టూ వంగి చూశారు.

"మామూలు రకాలు పొడుగు రాత్రులొస్తేనే పూస్తాయి," అంది విల్మా. "ఇక్కడ ఎండాకాలంలో అసలు రాత్రే లేదు. వెనకటికి చలిదేశాల్లో, చిటికెలో అయిపోయే వేసవుల్లో బతికిన జాతి ఇది. ఎన్నేళ్ల నుంచి పెంచుతున్నానో, ఇప్పటికీ నాకు అంతుపట్టదు. చీకటి చెప్పదు, వెలుతురు చెప్పదు. టైమయిందని దీనికెవరు చెప్తారు?"

"గిడసబారిపోయింది కదా మేడమ్," అంది జోజియాన్.

"గిడసబారింది. అయినా తన రోజు మర్చిపోలేదు."

జోజియాన్ కళ్లు తుడుచుకుంది. చర్చిలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయింది. విల్మా కర్ర తీసుకుని, టీ నీళ్లు పెట్టాలంటూ బయటికి నడిచింది.

"రోజూ రావద్దన్నాను చూడు," అన్నాడు డెరిక్, "నీ కాళ్లు నొప్పెడతాయని అలా అన్నాను."

"నేను విసిగిస్తున్నానని అనుకున్నా."

"నువ్వు రాని రోజు ఈ కొండమీద తోచదు. రోజూ రా."

"మొక్క కోసమా?"

"కోతలైపోయాక కూడా."

ఆమె అతని మొహంలోకి చూసింది. నవ్వలేదు, వెక్కిరించలేదు. మట్టి అంటిన అతని చెయ్యి అందుకుంది.

*

చిన్నమొక్క ఎక్కువ ఇవ్వలేదు. కొన్ని గింజలే. పెద్దది గుప్పెడిచ్చింది. మందు కాగి సీసాల్లోకి చేరింది.

అక్టోబరులో నది మీద మంచుపలకలు తేలడం మొదలైంది. ఇక ఫెర్రీని ఒడ్డుకి లాగేస్తారు. నీళ్లు గడ్డకట్టి మంచు మీద దారి పడేదాకా ఈ ఒడ్డువాళ్లు ఈ ఒడ్డునే ఉండాలి.

ఆఖరి ట్రిప్పులో జోజియాన్ భుజాన పెద్ద సంచితో, డెరిక్ వాళ్ల ఇల్లున్న పడమటి ఒడ్డున దిగింది. ట్రక్కులో విల్మా, స్టీరింగ్ దగ్గర డెరిక్.

"మళ్లీ అటు వెళ్లడానికి చాన్నాళ్లు దారుండదు, తెలుసుగా?" అన్నాడతను.

"తెలుసు. అందుకే వచ్చా."

విల్మా కిటికీలోంచి సంచినీ పిల్లనీ ఎగాదిగా చూసింది. "అయితే మీ ఇద్దరి కీచులాటలూ చలికాలమంతా నేనొక్కదాన్నే వినాలన్నమాట," అని పక్కకు జరిగి చోటిచ్చింది.