ముందొచ్చే గొంతు

చీపురుపల్లి రైలు గేటు దాటి జీడితోటల దారి పడితే, చివర్న పాత మిషన్ బంగళా ఒకటుంది. ఎండ మండే వేళ కూడా మేకలు దాని నీడకి పోవు. ఎందుకని అడిగితే చుట్టుపక్కల వాళ్లది ఒకటే మాట — "ఆ కొంపలో పిలుపు ముందొస్తాది. మనిషి తరవాతొస్తాది."

అంటే ఏమిటో చెప్తాను. దొరసాని ఉన్న రోజుల్లో, ఓ రాత్రి వంటమనిషి మరిడమ్మకి పెరట్లోంచి దొరసాని గొంతుతో తన పేరు వినబడిందట. "ఆఁ, వస్తన్నానమ్మా" అని పలికి వెళ్లింది. ఆ తర్వాత... లోపలి గదిలోంచి దొరసాని నిజంగానే పిలిచింది. పలకడానికి మరిడమ్మ లేదు. మళ్లీ ఎవరికీ కనబడనూ లేదు.

అప్పట్నించి ఆ చుట్టుపక్కల చీకటి పడ్డాక మొదటి పిలుపుకి ఎవరూ పలకరు. రెండోసారి పిలిస్తేనే పలుకుతారు.

ఎజ్రా చిన్నప్పట్నించీ వింటున్నదే ఇది. అయినా ఆ బంగళానే అద్దెకి తీసుకున్నాడు. మందపు గోడలు, బయటి చప్పుడు లోపలికి రాదు. పాటలు రికార్డు చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? బియ్యం మిల్లు బెల్టు మోత, భోగాపురం ఒడ్డున వల లాగేవాళ్ల కేకలు, వాటి మధ్య చెల్లెలు మెర్సీ గొంతు — ఎవరూ చెయ్యని రకం పాటలతో ఆల్బమ్ ఒకటి చేశాడు. నేస్తం పృథ్వీరాజ్ డ్రమ్ములు వాయించాడు. దాన్ని పాతకాలపు, సూది పెట్టి తిప్పే నల్ల రికార్డుగా వెయ్యాలని ఇద్దరికీ ఒకటే పిచ్చి.

ఫ్యాక్టరీ నుంచి నమూనా రికార్డు వచ్చింది. వీళ్లు బాగుందంటే మిగతావి అచ్చవుతాయి.

బాగాలేదు.

పొద్దుగూకే వేళ ముగ్గురూ బంగళాలో కూర్చుని విన్నారు. రెండోవైపు మొదటి పాటలో మిల్లు మోత ఠక్కున ఆగుతుంది. నిశ్శబ్దం. అందులోంచి మెర్సీ ఒక్కసారిగా గొంతెత్తాలి. కానీ... ఆ నిశ్శబ్దంలోనే, గోడవతల నుంచి వచ్చినట్టు, మెర్సీ గొంతు సన్నగా అదే మాట పాడింది. తర్వాత అసలు మెర్సీ పాడింది.

పృథ్వీరాజ్ లేచి నిలబడ్డాడు. "ఇన్నావేటి? ముందొచ్చింది."

"రికార్డు అచ్చెయ్యడంలో తేడారా బావా."

"తేడా నీ కొంపలో ఉన్నాది! సెప్తే ఇన్నావా? మీ సెల్లి గొంతుని ఏదో పట్టుకుంది. ఆ పాటలు తీసెయ్. ఇంకో పిల్ల సేత పాడిద్దాం."

మెర్సీ తల దించుకుంది. ఈ పాటలు పాడిన తర్వాత ఆమె గొంతుకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు గుసగుస తప్ప రాదు. ఆ గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఈ పాటల్లోనే.

ఎజ్రా కంప్యూటర్లో ఉన్న అసలు పాట పెట్టాడు. మిల్లు ఆగింది. నిశ్శబ్దం... శుభ్రంగా ఉంది. ఏ గొంతూ లేదు.

"సూసావా? గదిలో లేదు. రికార్డులోనే ఉన్నాది" అని పృథ్వీరాజ్ వైపు తిరిగాడు.

అసలు కిటుకు ఇది. రికార్డు మీద ఉండేది ఒకటే గాడి, అంచునుంచి లోపలికి చుట్టుకుంటూ పోతుంది. పెద్ద గొంతు దగ్గర గాడి కోత బాగా పక్కలకి ఊగుతుంది. పొలంలో నాగటి చాలు పక్కనే చాలు మరీ ఆనించి దున్నితే మధ్య మట్టి మొదటి చాల్లోకి ఒరగదూ? ఇదీ అంతే. రాబోయే గొంతు నీడ ఒక చుట్టు ముందే పడుతుంది.

"నీడ ముందు, గొంతు తరవాత. దెయ్యమూ లేదు, నీ బొందా లేదు" అన్నాడు ఎజ్రా.

పృథ్వీరాజ్ మెర్సీ వైపు చూడలేకపోయాడు. "అయితే గాడి సుట్లు ఎడంగా కొయ్యమని సెప్పు. పాటలుంటాయిలే" అని గొణిగి, కిటికీలో చీకటి చూసి, బండెక్కి పోయాడు.

మెర్సీ నవ్వింది. "పిరికోడు" అంది గుసగుసగా.

ఇంకేమైనా తేడాలున్నాయేమోనని అన్నాచెల్లెళ్లు మిగతాది విన్నారు. ఆఖరి పాట అయిపోయింది. సూది ఖాళీ గాడిలో పడింది. చిటపట... చిటపట...

"అన్నియ్యా..."

సన్నగా. రికార్డులోంచి. మెర్సీ పాత గొంతు.

పాటల్లో ఎక్కడా ఆ మాట లేదు. పైగా ఇది నీడైతే, ఒక చుట్టు తర్వాత అసలు గొంతు రావాలి. చెవులు రిక్కించాడు. రికార్డు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు... ఏమీ లేదు. సూది ఎత్తేశాడు. గది నిశ్శబ్దమైపోయింది.

అప్పుడు — పెరట్లోంచి, గొంతు చించుకుని —

"అన్నియ్యా!"

ఎన్నాళ్లయిందో ఆ గొంతు అంత నిండుగా విని. పైగా రెండో పిలుపు. రెండోదానికి పలకొచ్చని చిన్నప్పట్నించీ అలవాటైన నోరు —

"ఆఁ, మెర్సీ!"

చల్లటి అరచెయ్యి ఒకటి అతని నోటిమీద పడింది. ఆలస్యమైపోయింది. పక్కనే, చెవి దగ్గర, వణుకుతూ గుసగుస —

"అన్నియ్యా... నేనిక్కడున్నాను."

పెరటి తలుపు గొళ్లెం మెల్లగా కదిలింది.