పాటకు ముందు మాట

మిట్టమధ్యాహ్నం. దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపేసి, కుకువా చెమటలు కక్కుతూ రికార్డు మీద మెత్తటి బ్రష్ తిప్పుతోంది.

"గుండ్రంగా, గీతల వెంబడే. అడ్డంగా రుద్దకు," అంది మాన్సా అత్త.

"తెలుసత్తా. నిన్న కూడా చెప్పావు."

"రేపు కూడా చెబుతాను."

సెకొండి ఊళ్ళో, చేపల రేవుకు వెళ్ళే దారిలో ఉంది మాన్సా అత్త షాపు. మంచాల కింద, అటకల మీద పడి ఉన్న పాత గ్రామఫోను రికార్డులు ఆమె దగ్గరికి వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ప్లేయర్ మీద పెట్టి, పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ఆ తర్వాత వాటిని ఎవరైనా ఫోనులో వినొచ్చు. బడికి సెలవులు కావడంతో పదేళ్ళ కుకువా ఇప్పుడు అత్తకు అసిస్టెంటు. ఆ పేరు తనకు తానే పెట్టుకుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న రికార్డు అరబా అవ్వది. అవ్వ పొద్దున్నే షామా ఊరి నుంచి ట్రోట్రో అనే అద్దె వ్యానులో వచ్చింది. బట్టలో చుట్టిన రికార్డును పసిపిల్లను అందించినట్టు అత్త చేతికి అందించింది. వాళ్ళ చర్చి ఆడవాళ్ళు చాలా ఏళ్ళ కిందట పాడిన పాటలవి. అందరికంటే ముందు గొంతెత్తేది అవ్వ వాళ్ళ అక్క ఎసాబా. ఆమె పోయి ఈ శనివారానికి ఏడాది. ఆ రోజు ఇంటికొచ్చే వాళ్ళందరికీ ఈ పాటలు వినిపించాలని అవ్వ కోరిక. సాయంత్రం వస్తానని చెప్పి మార్కెట్టుకు వెళ్ళింది.

బ్రష్ పని అయ్యాక అత్త రికార్డును నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ప్లేయర్ మీద పెట్టి సూది దించింది. పాట నడుస్తుంటే కంప్యూటర్ తెర మీద అలల్లాంటి గీతలు పాకుతూ పోయాయి.

అంతా ఎక్కాక అత్త సంచి అందుకుంది. "ఇదిగో, సన్నగా ముళ్ళలా పైకి లేచాయి చూడు. టిక్కుటిక్కుమనేవి ఇవే. వీటిని మాత్రం తీసెయ్. మిగతాదేదీ ముట్టుకోకు. చేపలు కొనుక్కుని వస్తా."

కుకువా ఒక్కో ముల్లునూ వెతికి తీసేసింది. పని చాలా బాగా వస్తోంది. చివరికి మళ్ళీ మొదటికొచ్చి విన్నది. పాటకు ముందు గరగరమని ఏవేవో చప్పుళ్ళు. కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఎవరో ఏదో గొణిగారు.

"ఇదంతా ఎవరికి కావాలి?" అనుకుంది కుకువా. రేడియోలో పాటలు ఇలా మొదలవ్వవు. తటాలున అందుకుంటాయి. ఆ ముక్కంతా కోసేసి, పాతదాని మీదే సేవ్ చేసింది. ఇప్పుడు మొదలుపెట్టగానే పాటే. అత్త ఎంత మెచ్చుకుంటుందో.

అత్త వచ్చి పాటల్ని అక్కడక్కడా విని, "చెయ్యి తిరిగిందే నీకు," అంది. కుకువాకు ఆ పూటకి ఆకలి కూడా వెయ్యలేదు.

సాయంత్రం అరబా అవ్వ వచ్చింది. కుకువాయే ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పాట మొదలుపెట్టింది. అవ్వ కళ్ళు మూసుకుని కాసేపు విన్నాక తెరిచింది.

"మొదటి నుంచి పెట్టమ్మా."

"మొదటి నుంచే పెట్టాను అవ్వా."

"ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి విని అవ్వ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మా అక్క మాట లేదే," అంది.

"పాడుతోంది కదా?" అంది అత్త.

"పాట కాదమ్మా. పాటకు ముందు నాతో ఒక మాట అంటుంది. పాటదేముంది, మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా పాడతారు. ఆ మాట ఒక్కటే నాది."

అత్త నుదురు రుద్దుకుంది. "అయితే నేనే రికార్డింగు ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటాను. తప్పు నాదే అవ్వా, ఏమీ అనుకోకు."

కుకువా చెవులు వేడెక్కాయి. ఊరుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. కానీ అత్త అవ్వ ముందు తల దించుకుని నిలబడి ఉంది. తనకసలు తెలియని తప్పుకి.

"అత్త కాదు అవ్వా, నేనే," అంది కుకువా. "నేనే కోసేశాను. చెత్త చప్పుడనుకున్నాను. ముట్టుకోవద్దని అత్త చెప్పింది కూడా."

అత్త కుకువా వంక చూసింది.

"చెత్తా?" అంది అవ్వ. "మా అక్క వింటే నీ చెవి మెలిపెట్టేది."

రికార్డును మళ్ళీ ప్లేయర్ మీద పెట్టారు. పాట మొదలయ్యే బయటి అంచు ఒకచోట చిట్లి ఉంది. మధ్యాహ్నం సూది ఎలాగో నిలిచింది. ఇప్పుడు నిలవలేదు, సర్రున జారి పాట మధ్యలో పడింది. అత్త మళ్ళీ దించింది. మళ్ళీ జారింది. అవ్వ చేతి రుమాలును వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది.

"అంచులో ఇంకా మురికి ఉన్నట్టుంది," అంది అత్త. "కుకువా, బ్రష్."

కుకువా ఫ్యాను ఆపింది. ఊపిరి బిగబట్టి, గీతల వెంబడే, అంచు చుట్టూ బ్రష్ తిప్పింది. ఆగి చూసి, మళ్ళీ తిప్పింది. అత్త తొందరపెట్టలేదు.

ఈసారి సూది నిలిచింది.

కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఆ గరగరల్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "అరబా, నా వెనక దాక్కోకు. ఇటు రా, మైకు దగ్గరికి."

"వచ్చాను కదే అక్కా," అంది అవ్వ.

పాట మొదలైంది.

అది అయిపోయాక అవ్వ కళ్ళు తుడుచుకుని కుకువా వైపు తిరిగింది. "అప్పటికి నీకంటే కాస్త పెద్దదాన్ని. మైకంటే హడలు. వెనక్కి జరగబోయి కుర్చీని తన్నాను. ఆ కిర్రు నాదే."

"మరి ఆ దగ్గు?"

"అది పాస్టరుగారిది. దాన్ని కోసేసినా నేనేమీ అనుకునేదాన్ని కాదు."

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇప్పుడు తియ్యమంటావా అవ్వా?"

అవ్వ ఆలోచించింది. "వద్దులే. శనివారం ఆయన కొడుకు వస్తాడు. వాళ్ళ నాన్న దగ్గు వాడూ వింటాడు."

మర్నాడు ఐన్సా మాస్టారు వచ్చారు. బడి నుంచి రిటైరైన మనిషి. కుర్రతనంలో ఒక బ్యాండులో బాకా ఊదేవారట. ఆ బ్యాండు రికార్డు తెచ్చారు. మాస్టారు షాపులోనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటుంటే, కుకువా ముళ్ళన్నీ తీసేసింది. పాట చివరికొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

"మాస్టారూ, ఒకసారి ఇటొచ్చి వింటారా? ఇక్కడేదో చప్పుడుంది. తియ్యాలో వద్దో నాకు తెలియదు."

మాస్టారు పేపరు మడిచి వచ్చి విన్నారు. "గరగరమంటోంది, అంతే. తీసెయ్యమ్మా."

కుకువా తీసేసింది. "మరి ఆ తర్వాతది?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకున్నారు.

"ఉండు, మా బ్యాండు వాళ్ళ నవ్వులివి," అన్నారు మెల్లగా. "ఇంకోసారి పెట్టు."

కుకువా మళ్ళీ పెట్టింది. మౌసు మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆయన వినడం అయ్యేదాకా కూర్చుంది.