సున్నా సరిచూసిన రోజు

2074 నాటికి బండ్లు వాటంతటవే నడుస్తున్నాయి. తాగినవాడు వెనక సీట్లో పడుకుంటే చాలు, ఇల్లు చేరతాడు. అయినా తాగినప్పుడే మనిషికి స్టీరింగ్ పట్టుకోవాలన్న సరదా పుడుతుంది. ఆ సరదాకే సుభద్ర కూతురు నీలవేణి బలైపోయింది.

తాగి ఆ బండి నడిపిన చెన్నకేశవులుకు పదేళ్ల జైలు పడింది. సగం శిక్ష పూర్తయ్యాక పెరోల్ అడగొచ్చు. ఇవ్వాలో వద్దో తేల్చేది పరితాపమాపని. మణికట్టుకు కట్టే ఈ న్యూరల్ సెన్సార్, చేసిన తప్పు తలుచుకున్నప్పుడు మెదడు మోసే బరువును నూటికి ఇంత అని కొలుస్తుంది. డెబ్బై దాటితే విడుదల. జడ్జీలను ఏమార్చిన వాళ్లున్నారు గానీ దాన్ని ఏమార్చినవాళ్లు లేరు.

విచారణ గదిలో అతనికి డెబ్బై నాలుగు వచ్చింది.

"అబద్ధం! మీ మిషనే తప్పు," అంది సుభద్ర. పెరోల్ అడ్డుకోవడానికే ఆమె వచ్చింది.

"నమ్మకం లేకపోతే మీ చేతికే కట్టి చూపిస్తానమ్మా. తప్పు చేయనివాళ్లకి సున్నా వస్తుంది. ఆ రోజు తలుచుకోండి," అంది దాన్ని తయారుచేసిన డాక్టర్ నఫీసా.

తెర మీద తొంభై మూడు పడింది. నఫీసా పట్టీ విప్పి మళ్లీ కట్టింది. తొంభై మూడే.

"ఫోన్ చేసింది నేనేగా!" అంది సుభద్ర. "పుల్లట్లు చల్లారిపోతున్నాయే, పరిగెత్తుకు రా అన్నాను. పిచ్చిపిల్ల, అటూ ఇటూ చూడకుండా రోడ్డుకి అడ్డంగా పరిగెత్తింది. కోర్టులో చెప్పారు కదా."

కోర్టులో ఆ మాట చెప్పింది చెన్నకేశవులే. అలా చెప్పబట్టే పద్దెనిమిదేళ్లు పడాల్సింది పదేళ్లతో పోయింది. నిజం చెబితే ఆ ఎనిమిదేళ్లూ మళ్లీ మెడకు చుట్టుకుంటాయని అతనికి తెలుసు.

అయినా చెప్పేశాడు. "పరిగెత్తలేదమ్మా. ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంది. నేనే బండి పైకి ఎక్కించాను. పాప తప్పేం లేదు. మీదీ లేదు."

సుభద్ర లేచి అతని చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత కుర్చీలో కూలబడి భోరున ఏడ్చింది. "ఐదేళ్లురా! పొయ్యి మీద పెనమే పెట్టలేదు."

నఫీసా ఇద్దరికీ మళ్లీ కొలిచింది. సుభద్రకు పన్నెండు వచ్చింది; సున్నాకు మాత్రం దిగలేదు. చెన్నకేశవులుకు ముప్పై ఎనిమిది. దాచుకున్నది చెప్పేశాక అతని గుండె బరువు తగ్గింది.

"పశ్చాత్తాపం చాలదు. పెరోల్‌కు అర్హత లేదు," అంది యంత్రం.

అతను వార్డరు వెంట నడిచాడు. సుభద్ర కోరుకున్నదే జరిగింది. ఆమె మాత్రం అతను వెళ్లిన తలుపు వంకే చూస్తూ అడిగింది:

"అంటే, నోరు మూసుకుని ఉంటే ఇవాళ ఇంటికెళ్లేవాడా?"

"అవునమ్మా," అంది నఫీసా.