నలుచదరపు మచ్చ

...రవిక హుక్కు ఒరుసుకుని ఉంటుంది, అంతే. కానీ హుక్కు ఒరుసుకుంటే మాత్రం అంత తిన్నగా, నాలుగు మూలలూ కొలిచి గీసినట్టు ఎర్రబడుతుందా? పోనీ అలర్జీ అనుకుందామంటే, దద్దుర్లకి మూలలుండవు. అయినా ఈ తెర మీద కనిపిస్తున్నది ఎవరో మగమనిషి వీపు. ఈ వీపెక్కడ, అత్తయ్య వీపెక్కడ... ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ ఆమె కుర్చీ అంచుకి జరిగింది. చేతిలో ఉన్న పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, మళ్ళీ తీస్తోంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే కిరణాల సాయంతో రక్తనాళాలకి చికిత్స చేసే వాళ్ళందరినీ ఆ గదిలో కూర్చోబెట్టారు. రేడియేషన్ నుంచి తమనీ పేషెంట్లనీ కాపాడుకోవడం ఎలాగో నేర్పడానికి వచ్చిన ఆవిడకి అప్పుడే పేరు పెట్టేశారు, దూరం మేడం అని. నోరు తెరిస్తే దూరంగా నిలబడమంటుంది మరి. పెన్ను పట్టుకున్న ఈ కోడలి మామగారు, ఆ ఆసుపత్రికి పేరు తెచ్చిన గుండె రక్తనాళాల డాక్టరు, మొదట్లో వచ్చి కాసేపు కూర్చున్నారు. "ఈవిడ మాట వింటే నేను పక్క ఊళ్ళో నిలబడి ఆపరేషన్ చెయ్యాలి," అని అందరినీ నవ్వించి, ఫోను మోగగానే లేచి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాకే తెర మీదికి ఈ వీపు వచ్చింది.

"ఇది కాలిన గాయం," అంది దూరం మేడం. "నిప్పు లేకుండా కాలింది. కిరణం బల్ల కింద నుంచి వస్తుంది కాబట్టి ముందు తగిలేది వీపుకే. ఆ పూట ఏమీ తెలీదు. కొన్ని వారాలకి ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది. అప్పటికి పేషెంటు ఇంటికెళ్ళిపోయి ఏదో పూత రాసుకుంటూ ఉంటాడు. మనకి తెలియనే తెలియదు."

మనకి తెలియదు. కానీ ఆమెకి తెలుసు. రోజూ సాయంత్రం ఆ పూత రాసేది ఆమె వేళ్ళే. కుడి రెక్క ఎముక కింద, అరచేయంత మచ్చ. మొదట ఎరుపు, తర్వాత ఇటుక రంగు, ఈ మధ్య నలుపు. మూడు నెలల కిందట అత్తగారి గుండె నాళం ఒకటి పూడుకుపోతే మామగారే తెరిచారు. వేరే డాక్టరుకి అప్పగించమని అందరూ చెప్పినా, "నా ఇంటి మనిషిని ఇంకొకడి చేతిలో ఎలా పెడతాను?" అన్నారు. నాళంలోకి పంపిన తీగ ఎంతకీ ముందుకి పోలేదు. ఆయన కిరణం వదిలే పెడల్ మీంచి కాలు తియ్యలేదు. అద్దం వెనక యంత్రం దగ్గర కూర్చున్న టెక్నీషియన్ కోడలే!

అయిదు నిమిషాల కిరణానికి ఒకసారి ఆ యంత్రం బీప్ మంటుంది. జాగ్రత్త, చాలాసేపైంది అని చెప్పడానికే దాన్ని పెట్టారు. కానీ ఆ చికిత్స గది అలవాటు వేరు. బీప్ మోగితే డాక్టరుగారికి చిరాకు. అందుకని మోగీ మోగకముందే మీట నొక్కి దాని నోరు మూయించడం మంచి టెక్నీషియన్ లక్షణం. అందులో ఆమెని మించినవాళ్ళు లేరు. "మా కోడలు కూర్చుంటే ఈ గది లైబ్రరీలా ఉంటుంది," అని మామగారు పదిమందిలో అన్న రోజు ఆమె ఎంత పొంగిపోయింది! ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన నోట విన్న మొదటి మెప్పు అది. అత్తగారు బల్ల మీదున్న ఆ రోజు కూడా ఆమె అలాగే నొక్కింది, మళ్ళీ నొక్కింది, ఎన్నిసార్లో లెక్క పెట్టుకోలేదు. తన వేలికి అంత విధేయత ఎక్కడి నుంచి వచ్చింది? భయమా, మెప్పు మీద ఆశా? రెండింటికీ తేడా ఎప్పుడైనా తెలిసిందా తనకి?

అందరూ టీకి లేచాక ఆమె దూరం మేడం దగ్గరికి వెళ్ళింది.

"అలాంటి మచ్చ మీదే మళ్ళీ పడితే ఏమవుతుందండీ?"

"పుండు పడుతుంది. మానదు. లోపల కండ దాకా దిగిపోవచ్చు." ఆవిడ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. "కానీ ముందే తెలిస్తే దారులున్నాయమ్మా. కోణం మార్చొచ్చు, కిరణం తగ్గించొచ్చు, కొన్నాళ్ళు ఆగొచ్చు. అందుకే చెప్పాను కదా, ఇకమీదట బల్ల మీద పడుకోబెట్టే ముందు ప్రతి మనిషి వీపూ చూడండి. మీకు తెలిసి అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఊరికే అడిగాను."

అత్తగారి నాళం మళ్ళీ సన్నబడింది. రేపు ఉదయమే చికిత్స. అదే బల్ల, అదే కోణం, అదే చెయ్యి.

సాయంత్రం పూత డబ్బా తెరిచి, అత్తగారి వెనక మంచం మీద కూర్చుని, విన్నదంతా చెప్పేసింది. అత్తగారు వెనక్కి తిరగలేదు. గోడ మీది గడియారానికి చెబుతున్నట్టు నెమ్మదిగా అంది.

"నేనూ అనుకున్నాను లేవే. అంత చక్కగా గీసినట్టుంటే హుక్కు పనెలా అవుతుంది..."

"తెలిసి ఊరుకున్నారా అత్తయ్యా?"

"ఆయనకి చెప్పకు తల్లీ. నా మీద ఒట్టు. అప్పుడెప్పుడో ఒక పేషెంటు బల్ల మీదే పోతే, ఈయన ఎన్నాళ్ళు కుళాయి దగ్గర నిలబడి చేతులు కడుక్కున్నారో నీకేం తెలుసు? ఆ చేతులతో అన్నం కూడా కలుపుకునేవారు కాదు. నేనే ముద్దలు పెట్టాను. ఇప్పుడు సొంత పెళ్ళాన్నే కాల్చారని తెలిస్తే ఆ చేతులు మళ్ళీ లేస్తాయా? ఆ చేతుల కోసం ఎంతమంది ఎదురు చూస్తున్నారు! వాళ్ళందరి ఉసురు నేను పోసుకోలేను."

"మరి మీరో? రేపు అదే చోట..."

"నాదేముంది, ముసలి తోలు." అత్తగారు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే విరిగి, భుజాలు కదిలాయి. "ఒక మాట చెప్పనా? నవ్వకూడదు మరి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అంతసేపు రెప్ప వెయ్యకుండా చూసింది ఆ రోజే. నన్ను కాదులే, తెర మీద నా గుండెని... అయినా నాదేగా."

ఆమె నవ్వలేదు. పూత రాస్తున్న వేళ్ళ మీద కన్నీటి చుక్క పడితే, అది మచ్చ మీదికి జారకుండా అరచేత్తో ఆపింది.

భోజనాల దగ్గర రెండుసార్లు నోరు తెరిచింది. "ఇవాళ క్లాసులో, మామయ్యగారూ..." అనగానే అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమంటుంది మీ దూరం మేడం? కంచానికీ దూరంగా కూర్చోమందా?" అన్నారు మామగారు. భర్త పకపకా నవ్వాడు. వంటింట్లోకి వెళ్ళాక అతన్ని పట్టుకుని చెప్పబోతే, "ఆ విషయాల్లో నాన్నకి నువ్వు నేర్పుతావా?" అని నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. అత్తగారి ఒట్టు అడ్డంగా నిలబడింది. మాట తప్పితే అత్తయ్య మనసు విరుగుతుంది. తప్పకపోతే వీపు... ఆ ఇంట్లో అందరూ ఒకరినొకరు కాపాడుకుంటూనే ఉన్నారు. ఒక్కరూ నిజం చెప్పుకోవడం లేదు.

ఉదయం. చల్లటి గది. అత్తగారు వెనక ముడులున్న ఆసుపత్రి గౌను తొడుక్కుని, బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుంది, బడికి మొదటిరోజు వచ్చిన పిల్లలా. మామగారు సీసపు ఏప్రన్ మీద శుభ్రమైన గౌను వేసుకుని, చేతులు రెండూ ఛాతీ ముందు పైకెత్తి పట్టుకున్నారు. ఆ చేతులు దేన్నీ ముట్టకూడదు.

"పడుకోబెట్టి నువ్వు అద్దం వెనక్కి వెళ్ళమ్మాయ్. మొదలెడదాం."

ఆమె కదల్లేదు. "వీపు చూడాలి సార్. కొత్త పద్ధతి."

"అది బయటివాళ్ళకి. ఈవిడ వీపు నాకు తెలియదా?"

నర్సు తల వంచుకుంది. గదిలో యంత్రం చిన్నగా మూలుగుతోంది. ఎంత లైబ్రరీలా ఉంది ఈ గది! ఈ నిశ్శబ్దాన్ని కట్టింది తనే, ఒక్కొక్క మీటా నొక్కి, ఒక్కొక్క బీపూ మింగి. దాని మధ్యలో అత్తయ్య కూర్చుని ఉంది, తన ఒంటితో దాని వెల కడుతూ.

"తెలియదు మామయ్యగారూ," అంది. ఆ గదిలో ఆయన్ని అలా పిలవడం అదే మొదలు. "మీకు తెలియదు. ఆ రోజు బీప్ మోగిన ప్రతిసారీ నొక్కేసింది నేను. మీ చెవిన పడనివ్వలేదు. మీ ఒక్కరి చెయ్యే కాదు, నా వేలు కూడా ఉంది అందులో."

పైకెత్తిన చేతులు అలాగే ఉన్నాయి. మాస్కు పైన కళ్ళు మాత్రం ఆమె మీంచి భార్య మీదికి నెమ్మదిగా మళ్ళాయి. "ఏమిటే?" అన్నారాయన. అది డాక్టరు గొంతు కాదు.

అత్తగారు కోడలి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపముందో, అలసటుందో, ఇన్నాళ్ళకి దించుకుంటున్న బరువుందో ఆమె పోల్చుకోలేకపోయింది. తర్వాత అత్తగారు తల వంచి, మెడ మీది జుట్టుని తన చేత్తోనే పక్కకి తీసుకుని, ముందుకి వేసుకుంది.

కోడలు బల్ల వెనక వైపుకి నడిచింది. గౌను వెనక పైముడి కొస పట్టుకుని లాగింది.