కళ్లు తెరిచిన ఫొటో

వీరస్వామిని పట్టపగలే చంపారు, ఘనపూర్ శివారు పత్తి చేనులో.

గుండెల మీద ఎర్రటి మరక. ఒక చెయ్యి సాలు మీద పడి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది, కళ్లు మూసి ఉన్నాయి. కళ్యాణి కెమెరాతో చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. మరకలో కలిపిన బెల్లం వాసనకు ఒక చీమ శవం మెడ ఎక్కి, చెంప మీదుగా కనుబొమ్మ దాకా పాకింది. శవం కదల్లేదు.

"అయ్యిందా బిడ్డా? చీమ కుడుతున్నది," అంది శవం.

"అయ్యింది బాపు. లెవ్వు."

అతని భార్య సోమక్క గట్టు మీద ముఖం తిప్పుకుని నిలబడింది. "బతికున్న మనిషిని గిట్ల పండవెట్టి ఫొటో తీసుడేంది? మంచిగ జరగదు."

పక్కనే నిలబడ్డ ఏజెంట్ జీవన్‌కు కూడా ఈ బేరం మొదటి నుంచీ నచ్చలేదు.

బేరం ముందురోజు ఫోన్‌లో కుదిరింది. జీవన్ అప్పుడు జనగామ మార్కెట్‌లో పత్తి వ్యాపారి వేషంలో ఉన్నాడు. తెల్ల చొక్కా, కట్టుడు పొట్ట, వేలికి లావు ఉంగరం.

"తేమ ఎంత?" అని అడిగాడు ఢిల్లీ నుంచి చీఫ్.

"ఎనిమిది శాతం."

"అయితే కొనొచ్చు." కోడ్ సరిపోయింది. చీఫ్ అసలు సంగతికి వచ్చాడు. "టార్గెట్ విదేశీ ఆయుధాల ముఠా బాస్. ముఖం ఏ రికార్డులోనూ లేదు. గుర్తుపట్టగలిగేది ఒక్క వీరస్వామే. దుబాయ్‌లో ఏళ్ల తరబడి అతని కారు నడిపాడు. బాస్ దొంగ పాస్‌పోర్ట్‌తో హైదరాబాద్‌లో దిగబోతున్నాడు. వీరస్వామి చచ్చాడని నమ్మితేనే ఫ్లైట్ ఎక్కుతాడు. చంపించే కాంట్రాక్ట్ కళ్యాణికి ఇచ్చాడు. ఆమె మన డబుల్ ఏజెంట్."

"పూర్తిగా మన మనిషేనా?"

"రెండు కొట్లలో ఖాతా ఉన్న మనిషి. నిన్నటిదాకా మొగ్గు మన వైపు."

"చచ్చాడని ప్రూఫ్?"

"ఆమె సొంత వెబ్‌సైట్. పెళ్లి ఫొటోల వెనక పాస్‌వర్డ్ ఉన్న గ్యాలరీ ఒకటుంది. రేపు సాయంత్రం నాలుగులోపు శవం ఫొటో అందులో ఎక్కాలి. ఎక్కకపోయినా, బాస్ నమ్మకపోయినా, మహబూబాబాద్‌లో కారులో కూర్చున్న నలుగురు ఘనపూర్‌కు బయలుదేరతారు."

"ఊళ్లో కాపలా?"

"పోలీసు జీపు ఒక్కటి కనిపించినా బాస్ రాడు. ఇంకో నెలకు ఇంకో నలుగురిని పంపుతాడు."

జీవన్ లెక్క వేసుకున్నాడు. పెట్టుబడి ఒక ముసలాయన ప్రాణం. అది తన సొమ్ము కాదు.

కళ్యాణి స్టూడియో జనగామ స్టేషన్ రోడ్డులో, ఎరువుల దుకాణం పైన. చేను నుంచి జీవన్ ఆమెకన్నా ముందే అక్కడికి చేరి, పాస్‌పోర్ట్ ఫొటోకు వచ్చిన గిరాకీలా బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్లో టిఫిన్ డబ్బా. పై గిన్నెలో పులిహోర, కింద గిన్నెలో పిస్టల్. చెవిలో శనగగింజంత రిసీవర్. దాని మైకు కళ్యాణి నల్లద్దాల ఫ్రేములో ఉంది.

కంప్యూటర్ ముందు జితేందర్ ఉన్నాడు. కార్డులోంచి ఫొటోలు దింపడం, వెలుగు సరిచేయడం, సైజు తగ్గించడం, సైట్లోకి ఎక్కించడం అన్నీ అతని పనే. రహస్యాలేవీ అతనికి తెలియవు. శవం ఫొటోను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు పెట్టమని చెప్పాలన్నది కళ్యాణి ప్లాన్.

ఆమె మెట్లెక్కింది. నల్ల చీర, మెడ దాకా కత్తిరించిన జుట్టు. పెళ్లిళ్లలో పెళ్లికూతురికన్నా ఆమెనే ఎక్కువమంది చూసేవారు. గుమ్మంలో ఒక సన్నటి మనిషి అడ్డం నిలబడ్డాడు. బాస్ మనిషి హరీష్, మహబూబాబాద్ వాడు.

"కార్డు పోరనికియ్యి. నువ్వు జర బయటికి రా. మాట్లాడేదుంది."

కళ్యాణికి ఒక్క మాటకే సందు దొరికింది. "జితేందర్, గా చేనుల ఫొటో పాస్‌వర్డ్ గ్యాలరీల పెట్టు."

బయట వరండాలో మాటలు జీవన్ చెవిలో పడుతున్నాయి.

"ఎక్కడ కొట్టిండు మీ మనిషి?"

"గుండెల."

"అరిచిండా?"

"టైం దొరకలే."

లోపల మౌస్ టకటకలాడుతోంది. తెర గోడవైపు తిరిగి ఉంది. జితేందర్ చాలాసేపు పనిచేశాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు పెట్టడానికి ఇంతసేపెందుకు? జీవన్ లేవబోయేంతలో అతను కుర్చీ వెనక్కి నెట్టాడు.

"ఎక్కింది మేడమ్."

హరీష్ లోపలికి వచ్చి ఫోన్ తెరిచాడు. చూశాడు. వెంటనే ఆ ఫోనే మోగింది. స్పీకర్‌లోంచి బాస్ గొంతు, పుస్తకంలో నేర్చుకున్నట్టుండే తెలుగులో వినిపించింది.

"హరీష్, అతడు నన్ను చూస్తున్నాడు."

హరీష్ ఫోన్ అందరివైపు తిప్పాడు. తెర మీద వీరస్వామి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, వెనక నీలి రంగు, రెండు ఛాయలు తెల్లబడ్డ ముఖం. కళ్లు నిండుగా తెరుచుకుని ఉన్నాయి.

జీవన్ కళ్యాణివైపు చూశాడు. అద్దాల వెనక ఏముందో తెలియలేదు. అమ్మేసిందా? అతని వేళ్లు డబ్బా కింద గిన్నె మీదికి జారాయి. హరీష్‌ను కాలిస్తే బాస్ రాడు. ఊరుకుంటే ముసలాయన తెల్లారేసరికి ఉండడు. రెండు వైపులా నష్టమే.

"ఏందిరా గిది?" అన్నాడు హరీష్.

"మంచిగ రాలేదా అన్నా?" జితేందర్ నొచ్చుకున్నాడు. "రక్తం తుడిచిన, చొక్కా మార్చిన. కండ్లు మా మామవి పెట్టిన. సైజు కరెక్ట్ కుదిరింది."

"కండ్లెందుకు తెరిచినవ్?"

"చచ్చిపోయిన మనిషి గదనే. యాక్సిడెంట్ కేసనుకున్న. ఫ్రేముకు అందరు గిట్లనే అడుగుతరు. మూసిన కండ్లతోని గోడకు ఎవరు పెట్టుకుంటరు?"

"నాటకం," అంది స్పీకర్. "అది బతికి ఉన్నప్పటి ఫొటో. మహబూబాబాద్ కారును పంపు."

హరీష్ బొటనవేలు ఇంకో ఫోన్ మీద నంబర్ వెతుకుతోంది. ఇక మిగిలింది నోరు ఒక్కటే. జీవన్ దాన్నే వాడాడు.

"మా అవ్వకు గూడ గిట్లనే తెరిపించినం తమ్మీ," అన్నాడు బెంచీ మీదినుంచి, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ. "ఒక కన్ను పెద్దగైంది. బతికున్నప్పుడు ఎన్నడు గంత కోపంగ చూడలే. గిప్పుడు నేను అన్నం తింటుంటే గోడమీదికెల్లి చూస్తది."

హరీష్ మెల్లగా తిరిగాడు. "నువ్వెవరు?"

"పత్తి కొంట. పాస్‌పోర్ట్ ఫొటోకొచ్చిన. నా కండ్లు తెరిచే ఉన్నయ్, జర తొందరగ తియ్యమను."

హరీష్ అతన్ని చూస్తూ ఉండిపోయాడు. జీవన్ చెమట కట్టుడు పొట్ట కిందికి కారింది. కాసేపటికి హరీష్ చూపు అతని మీదినుంచి తప్పుకుని, గోడకు తగిలించిన ఖాళీ ఫ్రేముల మీదికి పోయింది.

"సార్," అన్నాడు ఫోన్‌లో. "నిజమే ఇది. మా బాపు ఉన్నన్ని రోజులు ఒక్క ఫొటో దిగలే. చచ్చినంక దవాఖానల నా సెల్లుల తీసిన. గిట్లనే తెరిపించి ఇంట్ల పెట్టుకున్నం. బతికున్నోనికి ఎవరు గిట్ల చెయ్యరు సార్. పాపం తగుల్తది."

స్పీకర్‌లోంచి బాస్ హుకుం వచ్చింది. "అసలు ఫొటో పెట్టించు. సైజు తగ్గించకుండా."

ఫైలు పెద్దది. తెర మీది గీత ఆగుతూ, పాకుతూ నిండసాగింది. నాలుగు కొట్టడానికి కాస్త ముందు ఆగిపోయి, మళ్లీ కదిలి నిండింది. బాస్ దాన్ని పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు. ఊపిరి వినిపిస్తోంది.

"కనుబొమ్మ మీద చీమ ఉంది," అన్నాడు చివరికి. "బతికినవాడు ఊరుకోడు. నేను వస్తున్నాను."

హరీష్ ఇంకో ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "బండి బంద్ చెయ్యిండ్రి. పని అయిపోయింది."

అతను మెట్లు దిగి రోడ్డు దాటేదాకా జీవన్ డబ్బా వదల్లేదు.

"కావాలనే చెప్పకుండ పోయినవా?" అని అడిగాడు కళ్యాణిని, గొంతు తగ్గించి.

"లాభం ఎవలకొచ్చిందో చూసుకో," అంది ఆమె, అద్దాలు తియ్యకుండానే. గ్యాలరీ తుడిచేయమని జితేందర్‌కు చెప్పి లోపలి గదిలోకి వెళ్లిపోయింది. ఆమె ఎవరి మనిషో జీవన్ ఇప్పటికీ తేల్చుకోలేదు.

హైదరాబాద్ విమానాశ్రయంలో కిటికీలు లేని గది. ఎదుట, అనుమానం మీద ఆపిన సూటు మనిషి, టేబుల్ మీద తప్పు దొరకని పాస్‌పోర్ట్. తాను గ్రానైట్ కొనడానికి వచ్చానని, వకీలు వస్తే తప్ప ఇంకేమీ చెప్పనని అదే పుస్తకాల తెలుగులో అన్నాడు.

తలుపు తెరుచుకుంది. వీరస్వామి వచ్చాడు. సూటు మనిషి ముఖంలో రక్తం దిగిపోయింది. ముసలాయన అతన్ని కిందినుంచి పైదాకా చూసి, జీవన్‌వైపు తల ఊపాడు. ఆపైన పాత అలవాటుకొద్దీ చేతులు కట్టుకున్నాడు.

"నమస్తే సార్. బండి తియ్యమంటరా?"